హంపమ్మ పంచిన సొర విత్తనాలు

కాయ కోయగానే తొడిమ దగ్గర చిన్న చెక్క తీసి నాలుక కొసకు తాకించి చూడటం హంపమ్మకు ముఖం కడుక్కోవడమంత మామూలు పని. సొరకాయైనా, దోసకాయైనా, బీరకాయైనా అంతే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. వాళ్ళమ్మ చేస్తుంటే చూసింది. ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకు తన పాదు మీది తొలికాయ కోసినప్పుడూ అలాగే చూసింది. చూసి, ఊసింది. మళ్ళీ ఊసింది. చెంబెడు నీళ్ళతో పుక్కిలించినా నాలుక మొదట్లో పట్టుకున్న చేదు వదల్లేదు.

కాయ మాత్రం నవనవలాడుతోంది. గోరు దిగేంత లేత తోలు, చంటిపిల్ల చెంప మీదున్నట్టు సన్నటి నూగు. సంతలో ఎవరైనా బేరమాడకుండా కొనుక్కుపోయే కాయ. హంపమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకొని హంద్రీ ఏటి ఒడ్డున తన రేకుల ఇంటి ముందర చతికిలబడింది. ఇదే విత్తనం జూన్ నెలలో తన చేతులతోనే నలభై పొట్లాలు కట్టింది. ఆ పొట్లాలు ఇప్పుడు కర్నూలు మిద్దెల మీద పాదులై, పందిళ్ళెక్కి, కాయలు దించినాయి. ఈ రోజు పది గంటలకు ఆ కాయలన్నీ ఒకే బల్ల మీదికి వస్తాయి.

ఆ తలపు రాగానే కాయను ఒళ్ళోంచి తీసి సంచీలో పడేసింది.

హంపమ్మది కోసిగి పక్క పల్లె. పాతికేళ్ళ కిందట వానల్లేక, మొగుడితో కలిసి కర్నూలుకు కూలి పనికి వచ్చింది. మొగుడు పోయినాక ఇళ్ళలో కుండీలకు నీళ్ళు పోసే పనికి కుదిరింది. నీళ్ళు పోస్తూ పోస్తూ మట్టి కలపడం, పందిరి కట్టడం, పురుగు ఏరడం, విత్తనం తీయడం అన్నీ చేతులకు వచ్చేశాయి. నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అయినా ఎండుతున్న నిమ్మ చెట్టు వేరు తవ్వి చూసి, నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. 'ఇట్ల చేయండి మేడం' అని తనే చేసి చూపించేది.

హంద్రీ మిద్దెతోటల సంఘంలోకి ఆమె మొదట కుండీలు మోసే మనిషిగానే వచ్చింది. అధ్యక్షురాలు సుబ్బరత్నమ్మ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒకసారి సభ మధ్యలో 'ఆమెకు కుర్చీ వేయండప్పా, మనందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి నిలబడుకొని ఉండాది' అన్నది. అప్పటి నుంచి హంపమ్మకు వెనక వరసలో ఒక కుర్చీ.

ఏటా జనవరిలో సంఘం ఒక కార్డు అచ్చు వేసేది. ఏ నెల మొదటి ఆదివారం ఏ కార్యక్రమమో అందులో ఉండేది. మార్చిలో పిచ్చుక గూళ్ళు, జూన్‌లో విత్తనాల పంపకం, సెప్టెంబరులో ఆరోగ్యం మీద ప్రసంగం, నవంబరులో చామంతుల ప్రదర్శన. ఈ ఏటి కార్డులో జూన్ వరసకు ఎదురుగా 'సొర విత్తనాలు: హంపమ్మ' అని పడింది. ఆ కార్డును ఆమె దేవుని పటం పక్కన ఆనించి పెట్టుకుంది.

ఇప్పుడు అదే కార్డును వెనకనుంచి ముందుకు చదువుకుంటుంటే ఎక్కడ తప్పు జరిగిందో కళ్ళకు కట్టింది.

మార్చిలో పిచ్చుక గూళ్ళకు ఎండు సొరబుర్రలు కావాలని సంఘం వాళ్ళు అంతకు ముందటేడే చెప్పారు. బుర్రలకు ఆమె చేదు సొరే వేసింది, దానికి పురుగు పట్టదని. పల్లెలో గొర్రెల కాపర్లు మజ్జిగకు వాడే బుర్రలు అవే. ఇంట్లో చోటు లేక దాన్నీ, తినే సొరనూ ఒకే పందిరి కిందికి పాకించింది. రెండు తీగలూ అల్లుకుపోయాయి. పట్నంలో పూల మీద వాలే పురుగులు తక్కువ. సొరపూలు పొద్దు వాలేటప్పుడు విచ్చుకుంటాయి కాబట్టి రోజూ ఆ వేళకు ఆమె మగపువ్వు తెంచి ఆడపువ్వుకు రుద్దేది. ఆ పనిలో ఆమె చేతికి తిరుగులేదని సంఘమంతా చెప్పుకొనేది. కాయలు అందుకే అంత బాగా నిలబడేవి. కానీ తెంచిన మగపువ్వు ఏ తీగదో ఆమె చూడలేదు. పువ్వును పువ్వుగానే చూసింది.

విత్తనానికి వదిలిన మూడు కాయలకూ తోటి పిందెలను కోసి, నాలుకకు పెట్టుకొని మరీ చూసింది. తియ్యగానే ఉన్నాయి. ఉండవా మరి? తల్లి తీగ మంచిదే. చేదు మాత్రం గింజలోకి పోయి కూర్చుంది. ఆ గింజ మొలిచి, కాయ కాసేదాకా నాలుకకు దొరకలేదు.

చేదు సొరకాయ ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. చిన్నప్పుడు వాళ్ళ చిన్నాయన, నీళ్ళు పోసి పారబోసి చేదు వదిలించని కొత్త బుర్రలో మజ్జిగ పోసుకొని తాగాడు. మధ్యాన్నానికి కంబళి మీద రక్తం కక్కుకున్నాడు. మూడు దినాలు ఇంటిల్లిపాదీ ఆయన్ను పట్టుకొని కూర్చున్నారు. బతికాడు గానీ, ఆ కంబళిని మళ్ళీ ఎవరూ కప్పుకోలేదు.

ఇక ఈ రోజు ప్రసంగం పేరు 'పరగడుపున సొరకాయ రసం'.

సంఘంలో ఒక ఆచారం ఉంది. సంఘం ఇచ్చిన విత్తనంతో కాసిన తొలికాయను ఇంట్లో వండుకోకూడదు. సభకు తెచ్చి బల్ల మీద పెట్టాలి, అందరూ కలిసి రుచి చూడాలి. అందుకే ఆ కాయ ఇంతవరకూ ఎవరి నోటికీ తగల్లేదు. అందుకే ఎవరికీ తెలియలేదు.

హంపమ్మ ఫోను తీసింది. సంఘం గ్రూపులో మాట రికార్డు చేసి పెడదామని చూస్తే, అడ్మిన్లు మాత్రమే పంపగలరని వచ్చింది. పండగ శుభాకాంక్షలు ఎక్కువైపోయాయని పోయిన నెలే కార్యదర్శి సుధీర్ దాన్ని మూసేశాడు. సుధీర్‌కు చేస్తే ఎంగేజ్. సుబ్బరత్నమ్మకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆమె పొద్దున పూజలో ఫోను ముట్టదు. మళ్ళీ సుధీర్‌కు చేసింది. ఆరోసారికి ఎత్తాడు.

"అక్కా, బస్టాండులో ఉండా. ప్రసంగం చెప్పే ఉమామహేశ్వర సార్ బస్సు దిగుతాండాడు. మీటింగులో మాట్లాడదాం."

"సుధీరూ, ఆ సొరకాయలు ఎవరూ..."

"ఆఁ, అందరూ తెస్తాండారక్కా. ఏం భయపడద్దు!" అని పెట్టేశాడు.

ఎవరూ తేకపోతారేమోనని తను భయపడుతోందని అనుకున్నాడు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

పనివాళ్ళ ఇళ్ళు దాటి పెద్ద రోడ్డుకు వచ్చేసరికి ఎనిమిదయింది. ఆదివారం ఆటోలు నిండితే గానీ కదలవు. కదిలిన ఆటో ప్రతి సందు దగ్గరా ఆగింది. హంపమ్మ ఒళ్ళో సంచీ, సంచీలో కోసిన కాయ. ఆమె మనసు ఇంటింటికీ తిరుగుతోంది. ఎవరికి చక్కెర జబ్బు? ఎవరింట్లో ముసలివాళ్ళు? పవిత్ర అనే కొత్త కోడలు నెల తప్పిందని మొన్ననే చెప్పింది. 'అక్కా, నీ సొరపాదుకు అప్పుడే రెండు కాయలు' అని మురిసిపోయింది. ఆ అమ్మాయి ఆచారం పాటించిందో, ఆశపడి కోసుకు తిన్నదో.

సంఘం అద్దెకు తీసుకొనే గది ఒక కల్యాణమండపం కింద ఉంటుంది. ఆమె మెట్లు దిగేసరికి మిక్సీ చప్పుడు వినబడింది. 

లోపల కార్యక్రమం పది కాకముందే మొదలైపోయింది. బల్ల మీద పదిహేను కాయలు వరసగా, పేర్ల చీటీలతో. ఏడెనిమిది అప్పటికే ముక్కలయ్యాయి. స్టీలు తపేలా నిండా పచ్చని రసం, పైన తెల్లటి నురగ. పక్కన చిన్న గాజు గ్లాసులు. మైకు ముందు ఉమామహేశ్వర, తెల్ల జుబ్బా, మెత్తటి గొంతు.

"...కొద్దిగా చేదు తగిలిందని కొందరు వదిలేస్తారు. అదే పొరపాటు. చేదు అంటేనే మందు గుణం. ముక్కు మూసుకొని ఒక్క గుక్కలో..."

"చూడప్పా, ఇట్ల!" అని ముందు వరసలో ఎవరో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన రామకృష్ణ. బస్సు డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఏ కార్యక్రమానికైనా మొదట చెయ్యెత్తే మనిషి. ఖాళీ గ్లాసు పైకెత్తి చూపిస్తూ ముఖం చిట్లించి నవ్వుతున్నాడు. "సార్, మా ఆవిడ మాటల కంటే కొంచెం తక్కువ చేదు!" జనం ఇంకా నవ్వారు. సుధీర్ తక్కిన గ్లాసులు నింపుతున్నాడు. పవిత్ర ఒకటి అందుకుంది.

"తాగద్దండి!"

ఆ గది లోపల హంపమ్మ గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. వెనక వరస నుంచి బల్ల దాకా ఆమె ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. పవిత్ర చేతిలోని గ్లాసు లాగేసింది. రసం ఆ అమ్మాయి చీర మీద పడింది.

"హంపమ్మా! ఏమిదీ?" అని సుబ్బరత్నమ్మ లేచింది.

"చేదు సొర మేడం. విషం. నా కాయ నేను పొద్దున చూసినా. ఎవరూ ముట్టద్దండి."

ఉమామహేశ్వర చిరునవ్వు చెదరలేదు. "అమ్మా, ఆందోళన పడద్దు. కాకరకాయ చేదు కాదా? మనం రోజూ తినడం లేదా?"

"కాకర చేదు కాకరది సార్. సొరకు చేదు ఉండకూడదు."

"శాస్త్రం ఏమంటుందంటే..."

"సార్, మీరు తాగినారా?"

 తను ప్రసంగం అయ్యాక తాగుదామనుకున్నానని అన్నాడు. హంపమ్మ వాదించలేదు. బల్ల మీది కత్తి తీసుకొని మిగిలిన కాయల తొడిమలు ఒక్కోటీ చెక్కుతూ, నాలుక కొసకు తాకించి ఊస్తూ పోయింది. "ఇది మంచిది. ఇది చేదు. ఇది చేదు. ఇది మంచిది." ఎనిమిదింటిలో అయిదు చేదు. గదిలో మిక్సీ ఆగిపోయింది.  చివరికి సుబ్బరత్నమ్మ తనే వచ్చి ఒక చెక్క నాలుకకు పెట్టుకుంది. వెంటనే ఊసేసింది.

"విత్తనం నాది మేడం. తప్పు నాది. బుర్రసొర మగపువ్వు నేనే రుద్దినా," అన్నది హంపమ్మ. తపేలాను రెండు చేతులా ఎత్తి మోరీలో కుమ్మరించింది. అప్పుడు తిరిగి చూసింది. "రామకృష్ణన్నా, ఎంత తాగినావు?"

"గ్లాసు," అన్నాడు ఆయన. ఇప్పుడు నవ్వడం లేదు. "నిండుగా. రెండోది సగం." నుదుటి మీద చెమట. "ఏమీ కాదులేమ్మా. కడుపులో కొంచెం..." అని లేవబోయి కుర్చీ పట్టుకున్నాడు.

సుధీర్ కారులో పెద్దాసుపత్రికి పోయేసరికి ఆయన మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. మూడోదాంట్లో ఎర్రగా చార కనబడింది. హంపమ్మ తన కొంగుతో ఆయన మూతి తుడుస్తూ ఆ చారను చూసింది.  డాక్టరమ్మ ఏం తాగాడని అడిగితే సంచీలోంచి కాయ తీసి చేతిలో పెట్టింది. "ఇదేనమ్మా. దీని రసం. గ్లాసున్నర. పరగడుపున. ముప్పావుగంట అయితాంది." డాక్టరమ్మ ఆ కాయను చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి నడిచింది. ముందే చెప్పింది మంచిదైందని తరవాత నర్సు అన్నది. దీనికి విరుగుడంటూ లేదు, సెలైన్లు పెట్టి చూసుకోవడమేనని కూడా అన్నది. మొదటి మాట కంటే రెండో మాటే హంపమ్మకు ఎక్కువగా వినబడింది.

వరండాలో రామకృష్ణ భార్య లక్ష్మీదుర్గ ఆమెకు ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం దాకా ఒక్కసారే నోరు తెరిచింది.

"నీ విత్తనమంటే ఆయనకు శానా నమ్మకం హంపమ్మా. రోజూ ఆ తీగకు నీళ్ళు పోసి, దాంతో మాట్లాడేవాడు."

రెండు దినాలు కిడ్నీల గురించి భయం. మూడో దినం బీపీ నిలబడింది. నాలుగో దినం ఆయన మంచంలో లేచి కూర్చొని, తలుపు దగ్గర నిలబడిన హంపమ్మను చూశాడు. "ఏమ్మా, ముప్పై తొమ్మిది మందిని వదిలేసి నాకే పెట్టినావా?" అని గొంతు పెగుల్చుకొని నవ్వాడు. లక్ష్మీదుర్గ నవ్వలేదు. హంపమ్మ కూడా నవ్వలేదు. గోడకు ఆనుకొని కిందికి జారి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ నాలుగు దినాలూ ఆమె ఊరికే కూర్చోలేదు. సుధీర్ గ్రూపు తెరిచి ఆమె మాట పంపాడు: సొరకాయ ఎవరూ వండద్దు, తాగద్దు, నేను వచ్చి చూసేదాకా ఆగండి. మూడు కాయల గింజలు కలిపి పొట్లాలు కట్టింది కాబట్టి ఏ పాదు ఏదో చూస్తే గానీ తెలియదు. ఒక కత్తి, ఒక నీళ్ళ సీసా పట్టుకొని మిద్దె మిద్దె ఎక్కింది. ప్రతి పాదులో ప్రతి తీగ. చెక్కడం, తాకించడం, ఊయడం. చేదు తగిలిన తీగను వేరుతో పెరకడం. మూడో దినానికి నాలుక మొద్దుబారి, మంచి కాయ కూడా చేదుగా తోచింది. అప్పుడు ఒక పూట ఆగింది. ఆగిన ఆ పూటంతా ఎవరో ఎక్కడో సొరకాయ తరుగుతున్నట్టే అనిపించేది.

కొందరు టీ ఇచ్చారు. కొందరు తలుపు సగమే తీసి, "మేమే పీకేస్తిమిలే," అన్నారు. అయినా ఆమె పీకిన తీగ చూపించమని అడిగింది. ఆమె పని చేసే ఒక ఇంట్లో 'ఇంక రావద్దమ్మా' అన్నారు. సరేనంది. వాళ్ళ పందిరి మీది చేదు తీగను పెరికి, కింద రాలిన ఆకులు ఊడ్చి మరీ వచ్చింది.

శనివారానికి ముప్పై తొమ్మిది పొట్లాలకు లెక్క దొరికింది. నలభయ్యోది దొరకలేదు. సుబ్బరత్నమ్మ కళ్ళు మూసుకొని ఆలోచించి ఆలోచించి, ఉలిక్కిపడింది.

"విత్తనాలు పంచిన రోజు గది ఊడ్చడానికి వచ్చిందే, హనుమమ్మ. ఆమె కొంగులో పెట్టినా నేను. పని మానుకొని ఊరికి పోయిందంట. దేవనకొండ అవతల యాడో."

ఫోను నంబరు లేదు. సభ్యులందరికీ పోయిన హెచ్చరిక ఆమెకు చేరలేదు. చేరే దారే లేదు.

ఆదివారం మొదటి బస్సుకే హంపమ్మ దేవనకొండలో దిగింది. ఆటో పట్టుకొని, దిగి, నడిచి, అడిగి, ఇంకొంచెం నడిచింది. పత్తి చేలలో జనం ఎవరి పనిలో వాళ్ళు ఉన్నారు. ఆ ఊళ్ళో ఈ మధ్య ఎవరైనా పోయారా అని అడగాలని నోటిదాకా వచ్చి ఆగింది. చివరికి ఒకామె చెయ్యి చూపింది. "ఆ కొట్టం. సొరతీగ ఎక్కిందే, అదే."

తీగ కొట్టం కప్పునంతా కప్పేసింది. ఆకులు విస్తళ్ళంత ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే మూడు చోట్ల తొడిమలు కోసి ఉన్నాయి. ఒకటి పచ్చిగా, నీరు ఇంకా ఆరలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న వాసన.

"హనుమమ్మా!"

పలుకు లేదు.

"హనుమమ్మా, ఎవరైనా ఉండారా లోపల?"

చెప్పులు విడవకుండానే తలుపు తోసింది. లోపల ఎవరూ లేరు. పొయ్యి మీది కుండ మూత ఎత్తి పక్కన పెట్టింది. ముక్కలు. తెల్లగా, మెత్తగా ఉడికిన ముక్కలు. వేలితో ఒకటి తీసి నాలుకకు పెట్టబోయేసరికి వెనకనుంచి మాట.

"ఎవరమ్మో నువ్వు, మా కుండలో చెయ్యి పెడతాండావు?"

హనుమమ్మ నీళ్ళ బిందె చంకన పెట్టుకొని గుమ్మంలో నిలబడింది.

"సొరకాయ... ఎవరైనా తిన్నారా? నేను కర్నూలు హంపమ్మను. ఆ విత్తనం నాది. చేదు విత్తనం."

"ఓ, నువ్వా! ఆ దరిద్రపు విత్తనం ఇచ్చింది నువ్వా?" హనుమమ్మ బిందె దించింది. "తింటామా? మొదటి కాయ కోసి నాలుక్కి పెట్టుకుంటానే కక్కొచ్చె. పాలిచ్చే ఎనుముకు వేస్తే అది కూడా మూతి తిప్పుకొనె. కాయలు కోసి దిబ్బలో పారేస్తాండా. బుర్రలకన్నా పనికొస్తాదని తీగ ఉంచితి. అది గుమ్మడికాయ తల్లీ, మా అన్న తెచ్చింది. నువ్వేమిటి ఇట్ల పాలిపోయి ఉండావు?"

హంపమ్మ పొయ్యి పక్కనే కూలబడింది.  హనుమమ్మ లోటాతో నీళ్ళిచ్చి, పక్కన కూర్చొని, జరిగిందంతా అడిగి విన్నది. రామకృష్ణ సంగతి చెబుతుంటే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"చేదు అని తెలిసీ తాగినాడా?"

"మందు అనుకొని."

"ఏం మనుషులప్పా!" హనుమమ్మ ఖాళీ లోటా అందుకుంది. "సర్లే, అంత దూరం నుంచి వచ్చినావు. మంచి సొర గింజలు ఉంటే నాలుగు ఇయ్యి. నీ చెయ్యి మంచిదని ఆ మేడం చెప్పె."

హంపమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఈ యేడు ల్యా. వచ్చే యేడూ ల్యా. ఒక్క తీగే వేసి, కాయించి, ఆ గింజ మళ్ళీ వేసి, ఆ కాయ కూడా నేను తిని బతికినాక ఇస్తా."

లేచి బయటికి వచ్చి, హనుమమ్మను అడిగి, కొట్టం మీది తీగను మొదలంటా పెరకడం మొదలుపెట్టింది.